రెండు వేళ్ళ గుడ్డ

టేపు ఉండగా ఈ కాగితం ముక్కలేమిటని మా తాతయ్యతో నేను పోట్లాడని రోజు లేదు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ వయసులో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటి కూడా లేదు.

మాది దర్జీల ఇల్లు. వీధి వైపు గది కొట్టు. వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం: తాతయ్య, అమ్మ, నేను. నాన్న నా మూడో ఏట జ్వరం వచ్చి పోయాడు. ఆయన ఫోటో ఒక్కటే ఉంది, అందులో కుర్చీలో కూర్చుని ఉంటాడు. నిలబడితే ఎంత ఎత్తుండేవాడో, పక్కన నడిస్తే నా తల ఆయనకు ఎక్కడిదాకా వచ్చేదో ఆ ఫోటో చెప్పదు. అమ్మను అడిగితే "పొడుగే" అని ఊరుకునేది. ఇంకా గుచ్చి అడిగితే మిషను తొక్కడం ఆపేసేది. ఆ మిషను ఆగిపోతే నాకు భయం వేసేది, అందుకని అడగడం మానేశాను.

కొట్లో గోడ నిండా మేకులు, మేకుల నిండా కాగితం పట్టీలు. గోధుమరంగు ప్యాకింగు కాగితాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా కత్తిరించి, మనిషి ఒంటి మీద పెట్టి, కొలత వచ్చిన చోటల్లా అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టేవాడు తాతయ్య. ఎడమ అంచున ఒక గాటుంటే భుజం, రెండుంటే ఛాతీ. కుడి అంచున ఒకటైతే చెయ్యి, రెండైతే పొడుగు. అంకెలుండవు, పేర్లుండవు. అంకెలు రాని రోజుల్లో ఎవరో ముత్తాత మొదలుపెట్టిన పద్ధతి. తాతయ్యకు అంకెలు బ్రహ్మాండంగా వచ్చు. అయినా టేపు ముట్టడు.

"అంగుళం అందరిదీ అమ్మడూ. పట్టీ ఆ మనిషి ఒక్కడిదే," అనేవాడు.

"అందరిదైతే ఏం కొంప మునిగింది తాతయ్యా? చొక్కా పట్టిందా లేదా, అదీ కావాల్సింది."

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉంది. ఏ చొక్కాకైనా సరే, పక్క కుట్ల లోపలా, చేతుల చివర మడతలోనూ రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ అదనంగా వదలాలి. బయటికి కనపడదు. బిగుతైన రోజున కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. వేరే కొట్లలో అరవేలు వదిలి కత్తిరించేస్తారు. ఆ లోపల దాచిన గుడ్డంతా పోగేస్తే ఇంకో కొట్టు పెట్టొచ్చని నేనూ, మాకు కాజాలు తీసిపెట్టే కాజాల పిన్నీ కలిసి ఆయన్ని ఏడిపించేవాళ్ళం.

ఆ వేసవిలో మూడు వీధుల అవతల ఉన్న బడి నుంచి పెద్ద టీచరు గారు వచ్చారు. నూట నలభై తెల్ల చొక్కాలు. బళ్ళు తెరిచేలోపు కావాలి. అంటే ఆరు వారాలు. అమ్మ ముఖం వెలిగింది. తాతయ్య మాత్రం తానుల మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయాడు. టీచరు గారు వెళ్ళాక నన్ను పిలిచాడు.

"ఈసారి కటింగు నువ్వే."

నేను ఎగిరి గంతేశాను. పదేళ్ళుగా గుండీలు, అంచులు, ఇస్త్రీ తప్ప ఆ పెద్ద కత్తెర ముట్టనిచ్చింది లేదు.

"ఆగు ఆగు. ముందు పట్టీ చదవడం రావాలి."

"టేపుతో కొలుస్తాను తాతయ్యా, దండం పెడతాను."

"టేపు నాకు కనపడదే," అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడు చూశాను. ఆయన చేతిలో ఎవరిదో పట్టీ ఉంది. బొటనవేలు దాని అంచు వెంబడి మెల్లగా జరుగుతోంది. గాటు తగిలినప్పుడల్లా ఆగుతోంది. కళ్ళు ఎక్కడో వీధిలోకి చూస్తున్నాయి. ఎన్నాళ్ళుగా అలా చదువుతున్నాడో, నేను టేపు గొడవలో పడి గమనించనే లేదు.

"తాతయ్యా, నీకు చూపు..."

"కావాల్సినంత ఉంది. గట్టిగా అరవకు, మీ అమ్మ వింటుంది."

"విన్నాను మావయ్యా," అంది అమ్మ లోపల్నుంచి. "పోయినేడే తెలుసు నాకు. కుట్టు మీద పెట్టాల్సిన ఇస్త్రీ మీరు కుట్టులేని చోట పెడుతుంటే తెలియదా?"

తాతయ్య నాలుక కరుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "చూశావుగా. ఇంక కత్తెర నా చేతిలో ఉండకూడదు. ఎవరి గుడ్డ పాడు చేస్తానో అని భయంగా ఉంది. నీ చేతికి రావాలి. రాలేదనుకో, ఈ పని అయ్యాక కొట్టుకు తాళం వేసేద్దాం."

ఆ మాటతో నా టేపు గాలి సగం పోయింది. మిగతా సగం మాత్రం మొండిగా ఉండిపోయింది.

మర్నాటి నుంచి పిల్లలు పదేసి మంది చొప్పున కొలతలకు వచ్చేవాళ్ళు. ఒకడు చక్కిలిగింతలంటాడు, ఇంకొకతె ఊపిరి బిగబట్టి ఛాతీ పెద్దది చేస్తుంది. తాతయ్య ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, "బడిలో ఎవరితో దెబ్బలాడావురా?" అనేవాడు. వాడు సర్దుకుని నవ్వేసరికి భుజాలు జారి మామూలుగా నిలబడేవాడు. అప్పుడు "ఊ" అనేవాడు, నేను గాటు పెట్టేదాన్ని. ఆ కిటుకు ఏ టేపులోనూ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వెలిగించడం నా పని. బొగ్గుల పెట్టె. కింద నాలుగు కాగితాలు వేసి అంటించి, బొగ్గులు రాజేసి, విసరాలి. ఆ ఏడు ఇంట్లో పాత కాగితాలు త్వరగా అయిపోయాయి. కటింగు బల్ల కింద, అన్నిటికంటే వెనక, ఒక గోనెసంచి ఉండేది. లాగి చూస్తే నిండా పాత పట్టీలు, ఎండిపోయి పెళుసెక్కి ఉన్నాయి. గోడ మీద ఉన్నవి కావాల్సినవి, సంచిలో పడేసినవి అక్కర్లేనివి. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా? అనుకునే ముందు ఎవరైనా ఒక్క మాట అడుగుతారని కూడా మీరనొచ్చు. నేను అడగలేదు.

సంచిలో పైనే ఒక లావుపాటి కట్ట. నీలం గుడ్డ అంచు ఒకదానితో కట్టి ఉంది. ఆ అంచు పొడుగునా తెల్లదారంతో చిన్న చిన్న కుట్లు, వంకరటింకరగా, కొత్తగా సూది పట్టినవాళ్ళెవరో కుట్టినట్టు. చూడముచ్చటగా ఉందని విప్పి జడకు కట్టుకున్నాను. కట్టలోని పట్టీలు రెండు పొద్దుటిపూటలకు సరిపోయాయి. భలే అంటుకున్నాయి. తర్వాత సంచిలో మిగతావి తియ్యడం మొదలుపెట్టాను.

మొదటి చొక్కా కత్తిరించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. గుడ్డ పరిచి, పట్టీ పెట్టి, సుద్దతో గీసి, కుట్లకు రెండు వేళ్ళు వదిలి (తిట్టుకుంటూనే వదిలాను), కత్తెర పట్టాను. రెండంగుళాలు పోయి ఆగబోయాను. తాతయ్య పక్కన నిలబడి చప్పుడు వింటున్నాడు.

"ఆపకు. మధ్యలో ఆపితే అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. దాని దారిన దాన్ని పోనీ."

వీపు భాగం ఒక్క ఊపులో వచ్చేసింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ బొటనవేలితో చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"వచ్చిందే నీకు! అమ్మాయ్, విన్నావా, దీనికి చెయ్యి వచ్చింది!" అని లోపలికి కేకేశాడు. "ఎవరి మనవరాలనుకున్నావ్!"

నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆ చెయ్యి అలాగే జడ మీదుగా జారి, చివర కట్టిన ముడి దగ్గర ఆగింది. బొటనవేలు ఆ నీలం అంచు మీద, ఆ వంకర కుట్ల మీద, ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ముడి వదులుగా ఉందే. ఊడిపోతుంది, గట్టిగా కట్టుకో," అన్నాడు.

అంతే. చెప్పులేసుకుని ఎండలో బయటికి వెళ్ళాడు. ఎక్కడికని అమ్మ అడిగితే "ఇక్కడికే" అన్నాడు. భోజనం వేళ దాటాక వచ్చాడు. చేతిలో బుట్ట, బుట్ట నిండా వడ్రంగి దగ్గర తెచ్చిన చెక్క పేళ్ళు.

"రేపట్నుంచి పెట్టె వీటితో అంటించు. కాగితం వద్దు, నుసి ఎగిరి తెల్లగుడ్డ మీద పడుతుంది."

నాకూ అదే మంచిదనిపించింది. పెద్దాయన ఎంత ముందుచూపుతో ఉంటాడో అని కాజాల పిన్నితో గొప్పగా చెప్పాను కూడా.

ఆ తర్వాత వారం రోజులు ఆయన నాకు మామూలుగానే పని నేర్పాడు. కాలరు ఎలా తిప్పాలో, చంక దగ్గర గుడ్డ ఎంత వంపు తియ్యాలో, రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించెయ్యకుండా ఎలా చూసుకోవాలో. ఒకసారి కత్తిరించేశాను కూడా. తిట్టలేదు. "నీ చొక్కాకి రెండూ ఎడమ చేతులేనా? పాపం వాడు అన్నం ఎలా తింటాడే?" అన్నాడు. కాజాల పిన్ని నవ్వు ఆపుకోలేక దారం మింగినంత పని చేసింది.

ఆదివారం కొట్టుకు సెలవు. అమ్మ నా తల దువ్వడానికి కూర్చుంది. జడ విప్పబోయి ఆగిపోయింది.

"ఇది ఎక్కడిదే?"

"ఏది? ఈ పీలికా? బల్ల కింద సంచిలో, పాత పట్టీల కట్టకు ఉంటే..."

దువ్వెన కింద పడింది. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ ఆ నీలం అంచును రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉంది.

"మీ నాన్న కుట్టింది ఇది. మొదటిసారి సూది చేతికిచ్చినప్పుడు. అయిదేళ్ళట. మీ తాతయ్య ఆయన పట్టీలకు దీన్నే కట్టి దాచారు. ఏటా బడి తెరిచేముందు ఒకటి, మా పెళ్ళికి ఒకటి, మొత్తం పదిహేను. కట్ట ఏదే?"

నా కళ్ళు ఇస్త్రీ పెట్టె వైపు వెళ్ళాయి. అమ్మ కూడా అటు చూసింది.

ఆమె నన్ను కొట్టినా బాగుండేది. "ఒక్క మాట నన్ను అడగకపోయావా," అంది. అని ఆ పీలికను మడిచి నా చేతిలో పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను సంచి మొత్తం నేల మీద గుమ్మరించి ఒక్కొక్క పట్టీ వెతికాను. ఏది ఎవరిదో నాకేం తెలుసు? అయినా వెతికాను. నాన్నవన్నీ ఆ కట్టలోనే ఉన్నాయి, ఆ కట్ట నేనే విప్పాను, నా చేత్తో నేనే విసిరి విసిరి మండించాను. నాన్న ఎంత ఉండేవాడో చెప్పేవి లోకంలో ఆ పదిహేను కాగితాలే. అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు.

తాతయ్య కొట్లో ఒక్కడే కూర్చుని గుండీలు వేరు చేస్తున్నాడు, పెద్దవి ఒక డబ్బాలోకి, చిన్నవి ఒక డబ్బాలోకి. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"తాతయ్యా, నాన్న పట్టీలు..."

"తెలుసు."

"నేనే కాల్చేశాను."

"తెలుసే. జడ ముట్టుకున్నప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు? తిట్టొచ్చు కదా! ఒక్క దెబ్బ వెయ్యొచ్చు కదా!" అని ఆయన మీదే అరిచాను. తప్పు నాదైనా గొంతు లేచేది నాదే, అది నా జబ్బు.

తాతయ్య చేతిలోని గుండీని డబ్బాలో వేశాడు.

"కోపం రాలేదనుకున్నావా? వచ్చింది. అందుకే లేచి వెళ్ళిపోయాను. వడ్రంగి కొట్టు దాకా నడిచాను, వాడి దగ్గర కూర్చున్నాను, వాడేదో చెప్పాడు, నాకేం వినపడలేదు. కోపం అక్కడే వదిలేసి పేళ్ళు తెచ్చుకున్నాను." ఇంకో గుండీ తీసి వేళ్ళతో తడిమాడు. "అప్పుడే కదే నువ్వు మొదటి చొక్కా కత్తిరించావు. ఆ నిమిషంలో ఆ మాట అని ఉంటే నువ్వు మళ్ళీ కత్తెర ముట్టేదానివా? నీ సంగతి నాకు తెలీదూ? పట్టీలు ఎలాగూ పోయాయి. వాటితోపాటు నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?"

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమన్నాను. ఆయన నా వీపు నిమిరాడు.

"నీకిద్దామనే దాచాను వాటిని. కత్తెర చేతికిచ్చే రోజున. సర్లే, ఏడిస్తే కాగితం తడుస్తుంది. లే. ప్యాకింగు కాగితం తీసుకురా."

"ఎందుకు?"

"తెమ్మంటే తే."

పొడుగ్గా ఒక పట్టీ కత్తిరించి తెచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, ఒక చివర నా చేత్తో నొక్కి పట్టుకోమన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు కాగితం మీద మెల్లగా జరుగుతూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"అయిదేళ్ళు. భుజం. ఇక్కడ."

గాటు పెట్టాను.

"ఛాతీ. వీడికి అప్పుడు ఎముకలే. ఇక్కడ. చెయ్యి... ఎప్పుడూ నోట్లో వేలేసుకునే ఉండేవాడు, కొలవనిచ్చేవాడు కాదు. ఇక్కడ."

ఒక పట్టీ అయింది. ఆరేళ్ళది. ఏడేళ్ళది. ఆయన వేలు ఎక్కడా తడబడలేదు. నాకే లోపల గుబులు. నిజంగా గుర్తుందా, లేక నన్ను ఊరడించడానికి నోటికొచ్చినట్టు చెబుతున్నాడా? చెబితే మాత్రం తప్పేముంది అనుకున్నాను. కానీ మనసు ఊరుకోలేదు. ఉత్తుత్తి నాన్న నాకు అక్కర్లేదు.

ఎప్పుడు వచ్చిందో, అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఒక చిన్న నీలం చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది ఏడేళ్ళప్పటిది. అత్తయ్య నాకిచ్చారు," అంది.

పట్టీ తీసి చొక్కా మీద పరిచాను. చొక్కా ఛాతీ దగ్గర పట్టీ కంటే వెడల్పుగా ఉంది. చేతులూ పొడుగున్నాయి. తాతయ్యకు ఈ సంగతి ఎలా చెప్పాలి? ఆయన ముఖం నిండా ఆశ పెట్టుకుని, "కలిసిందా?" అంటున్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది.

ఏం చెయ్యాలో తోచక చొక్కాను తిరగేశాను. పక్క కుట్టు లోపల బొటనవేలు పెట్టి అలా పోనిచ్చాను, అలవాటుగా. వేలికి ఏదో గరగరలాడుతూ తగిలింది. కుట్టు కాదు. కుట్టుకు ఇవతల, చొక్కా వైపు, చిన్న చిన్న సూది రంధ్రాలు వరుసగా. దారం తీసేసినా గుడ్డ వాటిని మరిచిపోలేదు. పాత కుట్టు అక్కడ ఉండేది. చేతి చివర కూడా అంతే, పాత మడత గీత, దాని వెంట రంధ్రాలు.

పట్టీని ఆ రంధ్రాల వరుసకు పెట్టి చూశాను. గాటుకు గాటు కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"కలిసింది తాతయ్యా! దీన్ని విప్పి వదులు చేశారు కదూ?"

"మరి? ఎనిమిదో ఏడు కూడా అదే వేసుకున్నాడు. మీ నానమ్మ విప్పి కుట్టింది. పట్టీ అంటే ఆ రోజు నా ముందు నిలబడ్డ పిల్లాడే. చొక్కా అలా కాదు, అది వచ్చే ఏడు కూడా ఉండాలి." నవ్వాడు. "నువ్వూ పిన్నీ నవ్వేవాళ్ళుగా, ఆ రెండు వేళ్ళ గుడ్డ చూసి."

నేను ఆ రెండు వేళ్ళ గుడ్డను ముద్దు పెట్టుకున్నాను. సిగ్గేం లేదు చెప్పడానికి.

ఆ మధ్యాహ్నం ఏడు పట్టీలయ్యాయి. మిగతావి ఆ వారమంతా, పని మధ్యలో రోజుకు ఒకటీ రెండూ. చొక్కాలు ఒక పక్క, నాన్న ఒక పక్క పెరుగుతూ వచ్చారు. పదమూడో ఏట ఒక్కసారిగా బెత్తెడు సాగాడు. ఆఖరిది పెళ్ళిది. అప్పుడు కాజాల పిన్ని కూడా ఉంది.

"భుజం ఇక్కడ. చెయ్యి... ఇక్కడ," అన్నాడు తాతయ్య.

అమ్మ మిషను ఆగింది. "కాదు మావయ్యా. చెయ్యి ఇంకొంచెం పొడుగు."

"కొలిచింది నేనమ్మాయ్!"

"కొలిచారు కానీ... నాకు తెలుసు."

"నీకెలా తెలుసక్కా? చెప్పు చెప్పు!" అంది పిన్ని, సూది పక్కన పెట్టి మరీ.

అమ్మ ముఖం ఎర్రబడింది. నా పందొమ్మిదేళ్ళలో అది నేను చూడటం మొదటిసారి. లేచి వచ్చింది. పట్టీ చివరను తన ఒక భుజం మీద పెట్టుకుని, కాగితాన్ని మెడ వెనక నుంచి రెండో భుజం మీదుగా ఆ చేతి వెంబడి సాగదీసి, మోచేతికి కాస్త పైన వేలు పెట్టింది.

"నడుస్తున్నప్పుడు ఇలా భుజం మీద చెయ్యి వేసేవారు. వేళ్ళు ఇక్కడికొచ్చేవి."

తాతయ్య తన లెక్క తాను వేసుకున్నాడు, వేళ్ళ పొడుగు తీసేశాడు, మణికట్టు దగ్గర ఆగాడు. "నిజమేనమ్మాయ్," అన్నాడు. "నాదే పొరపాటు. అమ్మడూ, అక్కడ పెట్టు గాటు."

పెట్టాను. అప్పుడు అమ్మ నన్ను భుజాలు పట్టుకుని తన ఎదురుగా నిలబెట్టింది. కొలిచినట్టు చూసింది. అరచేతిని నా తల మీద పెట్టి, అక్కడినుంచి పైకి ఒక జానెడు లేపి గాల్లో ఆపింది.

"ఇంత. నీ తల ఆయన గడ్డానికి వచ్చేది," అంది. ఎన్నాళ్ళ కిందట అడిగానో ఆ మాట. మిషను దగ్గరకు వెళ్ళి కూర్చుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది, ఎప్పటికంటే జోరుగా.

పదిహేను పట్టీలూ కలిపి నీలం అంచుతో నేనే కట్టాను. ఈసారి ముడి గట్టిగా వేశాను.

నూట నలభై చొక్కాలు రెండు రోజుల ముందే అయిపోయాయి. పెద్ద టీచరు గారు వచ్చి, ఒక చొక్కా తిరగేసి, లోపల గుడ్డ చూసి, "మావాళ్ళు రెండేళ్ళు వేసుకోవచ్చన్నమాట," అన్నారు. తాతయ్య నా వైపు చెయ్యి చూపించాడు, "కటింగు ఆవిడది," అని. ఆవిడట!

ఆ సాయంత్రం తానులో ఒక ముక్క మిగిలింది. కొట్టు ఊడ్చి, గోడ మీది మేకులన్నీ చూస్తుంటే అప్పుడు తట్టింది.

"తాతయ్యా, నీ పట్టీ ఏదీ?"

"నాకెందుకే పట్టీ? మిగిలిన గుడ్డ ఏదుంటే అది కుట్టుకుంటాను. నన్నెవరూ కొలవలేదు, మా నాన్న పోయాక."

"లేచి నిలబడు."

నిలబడ్డాడు, బడిపిల్లాడిలా బిగుసుకుని. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "ఎవరితో దెబ్బలాడావురా?" అన్నాను. పకపకా నవ్వాడు, భుజాలు జారాయి. గాటు పెట్టాను. చిక్కిపోయాడు తాతయ్య. వదులు చొక్కాల్లో ఎప్పుడూ తెలియలేదు. చేతులు సన్నబడ్డాయి. నా కళ్ళు మసకేశాయి కానీ ఆయనకు కనపడదులే అనుకున్నాను.

గుడ్డ పరిచి గీస్తుంటే పక్కన నిలబడి, "రెండు వేళ్ళు వదిలావా?" అన్నాడు.

"డెబ్బై ఏళ్ళు దాటాయి. నువ్వింకా పెరుగుతావా తాతయ్యా?"

"నాకోసం కాదే పిచ్చిదానా, నీకోసం. కొత్తగా కత్తెర పట్టినదానివి. తప్పు పోతుంది ఎక్కడో ఒకచోట. పోయినప్పుడు విప్పి సర్దుకోవడానికి గుడ్డ ఉండాలా వద్దా? మా నాన్న నాకు ముందు చెప్పింది ఆ మాటే. పిల్లలు పెరగడం సంగతి ఆ తర్వాత చెప్పాడు."

రెండు వేళ్ళు వదిలాను. కత్తిరించాను. మర్నాడంతా కూర్చుని నేనే కుట్టాను, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఎడమ చెయ్యి పొట్టిదైంది. విప్పాను. గుడ్డ సరిపోయింది.